మంచు ఊళ్లో డ్రైవ్‌వే: స్టాంప్ కాంక్రీటు ఎక్కడ వేయాలి, మామూలుది ఎక్కడ ఉంచాలి

డ్రైవ్‌వే మొత్తం స్టాంప్ కాంక్రీటుతో, అంటే తడిగా ఉండగానే అచ్చు మ్యాట్లు నొక్కి రాయి పరిచినట్టు కనిపించేలా చేసే రకంతో, వేయించుకుందామా అని అమెరికాలో మిన్నియాపొలిస్ చుట్టుపక్కల ఇల్లు కొన్న మనవాళ్లు చాలామంది అడుగుతుంటారు. హైదరాబాద్‌లో ఏదో గేటెడ్ కమ్యూనిటీలో తీసిన ఫొటో ఒకటి ఫోన్లో రెడీగా ఉంటుంది. నా జవాబు ఒకటే, మొత్తం వద్దు. టైర్లు తిరిగే చోట, గరాజ్ తలుపు ముందు, మంచు ఎత్తిపోసే దారిలో మామూలు బూడిదరంగు కాంక్రీటు వేయించి పైన చీపురు గీతలు పెట్టించండి, సరదా అంతా రెండు పక్కల అంచుల్లో తీర్చుకోండి. స్టాంప్ పని చదరపు అడుగుకి మామూలు దానికంటే ఒకటిన్నర నుంచి రెండింతల దాకా పడుతుంది కాబట్టి డబ్బు ఎలాగూ మిగులుతుంది, కానీ నేను అలా చెప్పేది డబ్బు కోసం కాదు.

ఇక్కడ కాంక్రీటు పాడయ్యే తీరే వేరు. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. స్లాబ్ పైపొరలోకి ఇంకిన నీళ్లు రాత్రి గడ్డకట్టి, పగలు కరిగి, మళ్లీ రాత్రికి గడ్డకడుతూ ఉంటే ఆ ఒత్తిడికి పైపొర వదులవుతుంది. నిజానికి వణికించే జనవరి కంటే మార్చి నెలలోనే దెబ్బ ఎక్కువ, ఎందుకంటే జనవరిలో గడ్డకట్టింది గడ్డకట్టినట్టే ఉండిపోతుంది, మార్చిలో రోజూ ఈ కరగడం, గట్టిపడటం నడుస్తుంది. దీనికి ఉప్పు తోడైతే ఇక పెచ్చులూడటమే. మామూలు కాంక్రీటు పెచ్చులూడితే చూడ్డానికి బాగోదు, అంతే. స్టాంప్ చేసిన చోట ఊడితే డిజైన్ పోయి కంకర తేలుతుంది, అక్కడ అతుకు వేసి పాత రంగు, పాత గీతలు కలపడం ఎంత మంచి మేస్త్రీ వల్లా కాదు.

లెక్కలు తేలిగ్గా ఉండటానికి 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు, 5 అంగుళాల మందం ఉన్న డ్రైవ్‌వే అనుకుందాం. మీది వేరేలా ఉంటే దామాషాలో మార్చుకోండి.

1. కాగితం మీద గీసుకోవడం

ఒక గీతల కాగితం మీద డ్రైవ్‌వే గీసి, మీ కార్లు ఎక్కడ ఆగుతాయో, ఎక్కడ మలుపు తిరుగుతాయో పెన్సిల్‌తో రుద్దండి. చలికాలంలో ఏ గరాజ్ ముందైనా ఒకసారి చూడండి. కారు చక్రాల వెనక పేరుకున్న నల్లటి మంచు ముద్దలు కరిగి, రోడ్డు మీది ఉప్పంతా చుక్కలు చుక్కలుగా ఒకే చోట కారుతుంటుంది. మీరు ఇంట్లో గుప్పెడు ఉప్పు కూడా చల్లకపోయినా సిటీ వాళ్లు రోడ్డు మీద చల్లింది మీ కారే మోసుకొస్తుంది. ఆ చుక్కలు పడే చోట రంగు కాంక్రీటు పెట్టకండి.

కాబట్టి రెండు పక్కలా 2 అడుగుల వెడల్పున స్టాంప్ అంచు, మధ్యలో 16 అడుగులు మామూలు కాంక్రీటు. గరాజ్ ముందు అడ్డంగా ఇంకో డిజైన్ పట్టీ కావాలని ఇంట్లో అడుగుతారు, అక్కడ వద్దని చెప్పండి. ముగ్గు వేసుకోవడానికి కూడా చీపురు గీతల కాంక్రీటే బాగుంటుంది, స్టాంప్ గీతల మీద ముగ్గు కుదరదు, అది అనుకోకుండా మనకు కలిసొచ్చేది.

రోడ్డు వైపు చివర, సైడ్‌వాక్ దాటాక ఉండే ముక్క చాలా ఊళ్లలో సిటీ స్థలం. అక్కడ మామూలు కాంక్రీటే వేయాలని, పర్మిట్ తీసుకోవాలని సాధారణంగా నియమం ఉంటుంది, కాబట్టి డబ్బు కట్టేముందు సిటీ ఆఫీసుకు, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే వాళ్లకూ డ్రాయింగ్ పంపండి. తవ్వకానికి ముందు 811కి ఫోన్ చేయడం తప్పనిసరి. గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టి వెళతారు, దానికి మీ దగ్గర డబ్బేమీ తీసుకోరు.

2. పగుళ్లు ఎక్కడ రావాలో ముందే నిర్ణయించడం

మొత్తం పనిలో ఎక్కువసేపు ఆలోచించాల్సింది ఇక్కడే. చాలా కొటేషన్లలో దీని గురించి ఒక్క ముక్క కూడా ఉండదు. కాంక్రీటు ఆరేకొద్దీ కుంచించుకుంటుంది, కుంచించుకుంటే పగులుతుంది, దాన్ని ఆపలేం. మనం చెప్పిన గీత వెంబడే పగిలేలా చేయడానికే కంట్రోల్ జాయింట్లు. స్లాబ్ మందానికి 24 నుంచి 30 రెట్ల దూరంలోపు ఒక జాయింట్ ఉండాలన్నది పాత లెక్క. 5 అంగుళాల స్లాబ్‌కి అది 10 నుంచి పన్నెండున్నర అడుగులు, నేనైతే 8 అడుగులే పెట్టమంటాను.

మన 16 అడుగుల మధ్య భాగానికి నిలువుగా నడిమధ్య ఒక గీత, అడ్డంగా ప్రతి 8 అడుగులకీ ఒక గీత వేస్తే సరిగ్గా 8 బై 8 చతురస్రాలు పది వస్తాయి. పలకలు ఇలా నలుచదరంగా ఉంటే మంచిది, పొడవు వెడల్పుకి ఒకటిన్నర రెట్లు దాటితే మధ్యలో పగులు వచ్చే అవకాశం పెరుగుతుంది.

ఇప్పుడు అంచు సంగతి. మధ్య భాగంలో వేసిన ప్రతి అడ్డగీతా అంచులోంచి కూడా తిన్నగా బయటిదాకా పోవాలి. డిజైన్ తెగిపోతుందని స్టాంప్ మేస్త్రీ అక్కడ గీత ఆపేయబోతాడు. ఆపితే ఆ చివర నుంచే పగులు అంచులోకి పాకి, మీరు డబ్బు పోసి చేయించుకున్న డిజైన్ మీదుగా వంకరగా వెళుతుంది. అంతేకాదు, 2 అడుగుల వెడల్పున్న అంచుకి 8 అడుగుల పలక చాలా పొడవు, కాబట్టి ఆ గీతల మధ్యలో అంచుకి మాత్రమే ఇంకో గీత వేయించండి. 2 బై 4 పలకలు వస్తాయి, లెక్క ప్రకారం అదీ కాస్త పొడవే గానీ లోపల రాడ్డు ఉంటుంది కాబట్టి నడుస్తుంది. స్టాంప్ డిజైన్‌లో రాళ్ల మధ్య గీత పడే చోటే ఈ జాయింట్ కలిసేలా ముందే మ్యాట్ కొలత చూసుకుంటే అసలు జాయింట్ ఉన్నట్టే తెలియదు.

గరాజ్ స్లాబ్, సైడ్‌వాక్, ఇంటి గోడ తగిలే చోట్ల మాత్రం ఇది చాలదు, పూర్తిగా విడదీయాలి. అర అంగుళం ఫైబర్ బోర్డు స్లాబ్ మందమంతా పెట్టాలి. ఎందుకంటే గరాజ్ గోడలు లోతు పునాదుల మీద ఉంటాయి (మిన్నెసోటా కోడ్ ప్రకారం దక్షిణ భాగంలో 42 అంగుళాలు, ఉత్తరాన 60), డ్రైవ్‌వే నేల మీద తేలుతుంటుంది, మంచుకి నేల ఉబ్బితే అదీ లేస్తుంది. డ్రైవ్‌వే గరాజ్ నేల కంటే ఒక అంగుళం కిందికి ఉండేలా చూసుకోండి. ఫిబ్రవరిలో అది కాస్త లేచినా నీళ్లు గరాజ్ లోపలికి రావు.

3. నేల, కంకర

మంచుకి నేల ఉబ్బాలంటే చలి, నీళ్లు, నీళ్లు పీల్చే సన్నటి మట్టి మూడూ ఉండాలి. చలిని మనం ఏమీ చేయలేం కాబట్టి మిగతా రెండిటినీ తీసేయాలి. మెత్తటి మట్టిని తవ్వి బయట పారేయించి, కనీసం 6 అంగుళాలు, బంకమట్టి అయితే 8 అంగుళాల దాకా కంకర పోయించండి. ఇక్కడ దాన్ని క్లాస్ 5 అంటారు, సన్నదీ పెద్దదీ కలిసి గట్టిగా అణిగే రకం. బంకమట్టి మీద ముందు జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిస్తే కంకర కిందికి కూరుకుపోదు. ఒకేసారి మొత్తం పోసి పైపైన కంప్యాక్టర్ తిప్పడం కుదరదు, రెండు పొరలుగా పోసి ఒక్కో పొరనీ అణగ్గొట్టాలి.

అంచు వెడల్పు రెండడుగులే కదా, బండ్లు ఎక్కవు కదా అని అక్కడ కంకర తగ్గించేవాళ్లున్నారు. ఒప్పుకోకండి. రెండు భాగాల కిందా ఒకే లోతు, ఒకే కంకర ఉండాలి, తవ్వకం అంచు దాటి ఇంకో అడుగు బయటికి ఉండాలి. లేకపోతే ఒకటి లేచి ఒకటి లేవక, వసంతానికి మధ్యలో మెట్టు తయారవుతుంది. పైకప్పు నీళ్ల గొట్టం డ్రైవ్‌వే పక్కన వదులుతుంటే దాన్ని ఇప్పుడే మళ్లించండి.

వాలు అడుగుకి పావు అంగుళం. రసమట్టం పెట్టి మీరే చూసుకోవచ్చు.

4. చెక్కలు, రాడ్లు

ముందు మధ్య భాగానికి మాత్రమే పక్కచెక్కలు బిగిస్తారు. 4వ నంబరు రాడ్డు, అంటే మన 12 ఎంఎం లాంటిదే, రెండడుగులకొకటి చొప్పున రెండు వైపులా జాలీలా కట్టి, కింద కవర్ బ్లాకులు పెట్టి ఎత్తాలి. నేలమీద పడుకోబెట్టి, కాంక్రీటు పోసేటప్పుడు కొక్కెంతో పైకి లాగుతాం అంటారు. పని హడావుడిలో ఎవరూ లాగరు, లాగినా కాలితో తొక్కుతారు.

అంచుకీ మధ్య భాగానికీ బంధం ఇక్కడే పడాలి. పక్కచెక్కలకి ప్రతి రెండడుగులకీ రంధ్రం పెట్టి, 2 అడుగుల పొడవున్న గరుకు రాడ్డు ముక్క సగం లోపలికి, సగం బయటికి ఉండేలా దూర్చాలి. తర్వాత అంచు పోసినప్పుడు బయటి సగం దానిలో ఉండిపోతుంది. ఈ ముక్కలు లేకపోతే సన్నటి అంచు ఏటా కొంచెం కొంచెం పక్కకి జరిగి మధ్యలో సందు పెరుగుతుంది, సందులో నీళ్లు, నీళ్లకి గడ్డ, గడ్డకి ఇంకాస్త సందు. రంధ్రాలు అడ్డ జాయింట్ గీతల మీద పడకుండా చూసుకోండి.

5. కాంక్రీటు ఆర్డర్

రెండిటికీ ఒకే మిక్స్ అడగండి, తేడా రంగు ఒక్కటే. 4,500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) బలం, నీళ్లకీ సిమెంటుకీ నిష్పత్తి 0.45 దాటకూడదు, స్లంప్ (కాంక్రీటు ఎంత జారుడుగా ఉందో చెప్పే కొలత) 4 అంగుళాల దగ్గర, ముప్పావు అంగుళం కంకర అయితే గాలి 6 శాతం, ఒకటిన్నర అటూఇటూ. చలిదేశపు కాంక్రీటుకి ప్రాణం ఈ గాలే. రసాయనం కలిపి కంటికి కనిపించనంత చిన్న బుడగలు కోట్లకొద్దీ పుట్టిస్తారు, గడ్డకట్టే నీళ్లు ఉబ్బడానికి వాటిల్లో చోటు దొరుకుతుంది. ఈ అంకెలన్నీ కాంట్రాక్టు కాగితంలో రాయించండి, ట్రక్కు వచ్చినప్పుడు డ్రైవర్ దగ్గర టికెట్, అంటే మిక్స్ వివరాలుండే రసీదు, అడిగి ఒకసారి సరిచూసుకోండి. మొహమాటం పడక్కర్లేదు.

రంగు కోసం మిక్స్‌లోనే కలిపే రకం తీసుకోండి. పైన పొడి చల్లి రుద్దే రకం రంగు ముదురుగా, అందంగా వస్తుంది నిజమే, కానీ గాలి బుడగలున్న కాంక్రీటు మీద పొడి చల్లి గట్టిగా రుద్దితే పైపొర విడివడే ప్రమాదం ఉంది. అది తెలిసి చేసే చేయి ఉంటే తప్ప ఈ ఊళ్లో దాని జోలికి పోవద్దని నా అభిప్రాయం.

కొలతలు చూద్దాం. మధ్య భాగం 640 చదరపు అడుగులు, 5 అంగుళాల మందానికి 9.9 క్యూబిక్ గజాలు, పదిన్నర చెప్పండి. అంచులు 160 చదరపు అడుగులు, దాదాపు రెండున్నర గజాలు, రెండుముప్పావు చెప్పండి. ఇంత తక్కువ ఆర్డరుకి చిన్న లోడు ఫీజు విడిగా వేస్తారు, దాన్ని బేరంలో ముందే తేల్చుకోండి.

ఇక నీళ్లు. కాంక్రీటు గట్టిగా ఉంది, జారట్లేదు అని మేస్త్రీ ట్రక్కులో నీళ్లు కొట్టమంటాడు, మన ఊళ్లోనూ అంతే. ఒక క్యూబిక్ గజానికి ఒక గాలన్ కలిపితే స్లంప్ ఒక అంగుళం పెరుగుతుంది, బలం దాదాపు 200 పీఎస్ఐ పోతుంది. నీళ్లు తగ్గించి జారుడు పెంచే రసాయనం ఉంటుంది, అది కావాలని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి.

చలి రోజుల్లో త్వరగా గట్టిపడటానికి కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. రంగు కాంక్రీటులో అది మచ్చలు తెస్తుంది, రాడ్డుకీ మంచిది కాదు, క్లోరైడ్ లేని రకం కావాలని అడగండి. అసలు ఆ గొడవే లేకుండా మే నుంచి సెప్టెంబరు మధ్యలోపు పని ముగించడం తెలివైన పని. కాంక్రీటుకి క్యూరింగ్‌కి నాలుగు వారాలు, ఆ తర్వాత ఆరడానికి ఇంకో నెల దొరికాకే మంచు, ఉప్పు తగలాలి. అక్టోబరులో డిస్కౌంట్ ఇస్తామంటే ఎందుకిస్తున్నారో అర్థం చేసుకోండి.

6. మధ్య భాగం పోయడం

మామూలు భాగం ముందు, అంచు తర్వాత. ముందు అంచు పోస్తే దాని మీద బూడిదరంగు చింది పడుతుంది, స్టాంప్ గీతల్లోంచి దాన్ని తీయడం నరకం.

పోసి, చెక్కతో సమం చేసి, బుల్ ఫ్లోట్ (పొడవాటి కర్రకి బిగించిన వెడల్పాటి పలక) తిప్పాక పైన నీళ్ల తడి మెరుస్తుంది. ఆ మెరుపు పోయేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఆ నీళ్లని లోపలికి రుద్దేస్తే పైపొర పలచనై, మొదటి చలికాలమే పెచ్చులూడుతుంది. పైన నీళ్లు చల్లి నున్నగా చేయడం, స్టీలు తాపీతో అద్దంలా రుద్దడం, మన ఇళ్లలో గచ్చు నునుపు కోసం చేసే ఈ పనులు ఇక్కడ నిషిద్ధం అనుకోండి. మెరుపు పోయాక మెగ్నీషియం ఫ్లోట్ ఒకసారి, ఆపైన బండి నడిచే దిశకి అడ్డంగా చీపురు. అయిపోయింది.

గీతలు కోయడం ఆ రోజే లేదా మర్నాడు పొద్దున్నే, రంపం కంకరని పెళ్లగించనంత గట్టిపడగానే. లోతు మందంలో నాలుగో వంతు, అంటే ఒకటింపావు అంగుళం. ఎండాకాలంలో రేపు చూద్దాం అంటే అది తనకిష్టమైన చోట పగిలి కూర్చుంటుంది. తర్వాత వారం రోజులు గోనె పట్టాలు తడిపి కప్పడం మనకు తెలిసిన విద్యే. పైన పొర కట్టే క్యూరింగ్ ద్రవం కొడితే తర్వాత వేసే సీలర్ లోపలికి ఇంకదు, అందుకే నాకు గోనె పట్టాలే ఇష్టం.

7. అంచు పోసి స్టాంప్ చేయడం

వారం తర్వాత పక్కచెక్కలు తీసేస్తే మధ్య స్లాబే అంచుకి లోపలి చెక్క అవుతుంది. దాని పైభాగాన్ని కనీసం నాలుగడుగుల దాకా ప్లాస్టిక్ కాగితంతో కప్పి, ఆ కాగితం చివరన టేపు గట్టిగా అంటించండి. మ్యాట్‌కి కాంక్రీటు అంటుకోకుండా వాడే రిలీజ్ పొడి రంగుది అయితే గాలికి ఎగిరి బూడిదరంగు స్లాబ్ మీద పడి ఎప్పటికీ పోని మరకవుతుంది. రంగులేని ద్రవ రిలీజ్ వాడితే సగం టెన్షన్ తగ్గుతుంది.

డిజైన్ ఎంచుకునేటప్పుడు లోతు గీతలున్న గుండ్రాళ్ల నమూనా వద్దు. లోతు గీతల్లో నీళ్లు నిలుస్తాయి, పార తగులుకుంటుంది. పలచని నాపరాయి గరుకులాంటి నమూనా చాలు, దూరం నుంచి అదే నిజమైన రాయిలా ఉంటుంది. స్టాంప్ కాకుండా కంకర తేలిన ఫినిష్ కావాలంటే అదీ మంచిదే, జారదు కూడా. కాకపోతే ఇక్కడి నది కంకరలో మెత్తటి షేల్ ముక్కలు కలిసి ఉంటాయి, అవి నీళ్లు పీల్చి ఉబ్బి చిన్న చిన్న గుంటలు పెడతాయి, కాబట్టి కొట్టిన గ్రానైట్ కంకర అడగండి.

స్టాంప్ ఎప్పుడు మొదలెట్టాలి? వేలితో నొక్కితే పావు అంగుళం దిగాలి, వేలికి ముద్ద అంటకూడదు. అంచు పొడవునా ఒకే సమయంలో ఆ స్థితి రాదు, నీడ ఉన్న వైపు ఆలస్యమవుతుంది, ఎండ వైపు నుంచి మొదలుపెట్టాలి. రెండు కాంక్రీట్లు కలిసే అంచుని ఎడ్జర్‌తో గుండ్రం చేయించండి, పదునుగా వదిలితే మొదటి పారదెబ్బకే చిట్లుతుంది. ముందు అనుకున్న జాయింట్లు మర్చిపోకుండా మధ్య భాగం గీతలకు సరిగ్గా ఎదురుగా కోయించండి.

రంగు భాగం మీద మాత్రం గోనె పట్టాలు, ప్లాస్టిక్ కప్పకండి. తగిలిన చోట ఒక రంగు, తగలని చోట ఒక రంగు తేలుతుంది. రంగు తయారుచేసిన కంపెనీ చెప్పిన క్యూర్ అండ్ సీల్ ద్రవమే కొట్టించండి.

కారు ఎక్కించడానికి చివర పోసిన దగ్గర్నుంచి 7 రోజులు ఆగాలి, సామాన్ల ట్రక్కు లాంటి బరువులకి 28 రోజులు.

8. సీలర్

మధ్య భాగానికి 28 రోజుల తర్వాత, పొడిగా ఉన్న రోజు చూసి, లోపలికి ఇంకే సిలేన్-సిలోక్సేన్ రకం. రంగు మారదు, పొర కట్టదు, నీళ్లు మాత్రం పూసల్లా నిలుస్తాయి. అంచుకి రంగు మెరవాలి కాబట్టి అక్రిలిక్ పొర, పలచగా రెండు కోట్లు. మెరుపు బాగుందని మందంగా కొడితే లోపలి తడి బయటికి పోలేక తెల్లబారుతుంది. అక్రిలిక్‌లో జారకుండా ఉండే సన్నటి గరుకు పొడి తప్పకుండా కలిపించండి, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి హవాయి చెప్పులతో ఉదయం మంచు తడి మీద నడిచేది ఆ అంచు మీదే. రెండు మూడేళ్లకోసారి అంచుకి మళ్లీ ఒక కోటు పడుతుంది.

కోసిన గీతల్లో, రెండు కాంక్రీట్ల మధ్య సందులో, ఫైబర్ బోర్డు పైన పాలియురేథేన్ లేదా సిలికాన్ సీలెంట్ నింపాలి. బూడిదరంగు గీతలకి బూడిదది, అంచు పక్కన అంచు రంగుది దొరుకుతాయి.

9. చలికాలాలు

మొదటి చలికాలం ఏ ఉప్పూ వద్దు, ఎంత జారినా ఇసుకే. ఆ తర్వాత కూడా వీలైనంత ఇసుకతోనే గడపండి. అమ్మోనియం నైట్రేట్, అమ్మోనియం సల్ఫేట్ ఉన్నవి కాంక్రీటుని నేరుగా తినేస్తాయి, అవి ఎప్పటికీ వద్దు. మెగ్నీషియం, కాల్షియం క్లోరైడ్ సంచుల మీద కాంక్రీటుకి హాని లేదని రాసి ఉన్నా నమ్మి గుమ్మరించకండి, అవి కూడా సిమెంటుతో చర్య జరుపుతాయి. కారు కింద పేరుకున్న మంచు ముద్దల్ని గరాజ్ ముందు రాలగొట్టి అక్కడే వదలకుండా పారతో పచ్చిక వైపు తోసేయండి, అంచు మీద కుప్ప పోయకుండా.

పారకి ప్లాస్టిక్ అంచు ఉండాలి. స్నోబ్లోవర్ ఉంటే పక్కన ఉండే స్కిడ్ షూలని (మెషీన్‌ని నేల మీద నిలిపే కాళ్లని) కాస్త కిందికి దించి బిగించి బ్లేడు నేలకి తగలకుండా చూసుకోండి. మంచు తీసే మనిషిని పెట్టుకున్నట్లయితే నవంబరులో, నేల గడ్డకట్టక ముందే, అంచుకి బయటగా మెరిసే పుల్లలు పాతండి. అడుగు మంచు కింద మీ డిజైన్ అంచు ఎక్కడ మొదలవుతుందో ట్రక్కు నడిపేవాడికి ఆ పుల్లలే చెప్పాలి. ఏటా ఏప్రిల్‌లో ఒకసారి కడిగి, ఊడిన సీలెంట్ ముక్కలు లాగేసి కొత్తది నింపండి.

ట్రక్కు టికెట్లు, రంగు పేరు, నంబరు, స్టాంప్ మ్యాట్ పేరు, సీలర్ డబ్బా లేబుల్ ఫొటో, ఇవన్నీ ఇంటి కాగితాలతో పాటు దాచండి. మధ్యలో ఏదో ఒక 8 బై 8 పలక పాడైతే దాన్నొక్కటే కోసి కొత్తది పోయొచ్చు. అంచులో 2 బై 4 ముక్క మార్చాల్సి వస్తే మాత్రం అదే రంగు, అదే మ్యాట్ దొరక్కపోతే ఆ వైపు నలభై అడుగులూ మళ్లీ పోయించాల్సి వస్తుంది.